పిల్వి ఎవరి వాటా

పంపకాల సంగతి మాట్లాడుకోవడానికి విడిపోతున్న భార్యాభర్తలు మార్లిస్, డ్వేన్ ఒకే బండిలో వచ్చారు. రెండో బండి ఇరుసు విరిగి షెడ్డులో పడి ఉంది. దాన్ని బాగుచేయించే ఖర్చు ఎవరిదో తేలాలంటే ముందు ఆ బండి ఎవరిదో తేలాలి. ఊరికి వచ్చే దారి పొడవునా ఇద్దరూ హీటరు గురించి తప్ప మరేమీ మాట్లాడుకోలేదు. కాళ్ళకు వేడి తగలడం లేదని ఆమె, గాలి అటు మళ్ళిస్తే అద్దం మీద మంచు పేరుకుని దారి కనపడదని అతను.

ఫిలిస్ స్ట్రాండ్ మందుల షాపు పైగదిలో కూర్చుంటుంది. ఒకప్పుడు ఆ జిల్లాకు జడ్జి. రిటైరయ్యాక, విడిపోయేవాళ్ళు కోర్టులో కొట్టుకోకుండా ఆస్తులూ అప్పులూ తేల్చి ఒప్పందం రాసిపెడుతోంది. వాళ్ళు బండి దిగడం కిటికీలోంచి చూసింది.

“ఇద్దరూ కలిసొచ్చారేంటి?”

“రెండోది నడవడం లేదు జడ్జి గారూ,” అన్నాడు డ్వేన్.

“అయితే వెళ్ళేటప్పుడు కూడా ఒకే బండిలో వెళ్ళగలిగేట్టు మాట్లాడుకోండి. ఈ చలిలో ఎవర్నీ నడిపించలేను నేను.”

వాళ్ళది పెద్ద గొడవలున్న కాపురం కాదు. అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో, అడవి మధ్య, సరస్సు ఒడ్డున ఇద్దరూ కలిసి అప్పు చేసి కొన్న నేల, కట్టుకున్న ఇల్లు. చలికాలమంతా టూరిస్టులను కుక్కలు లాగే మంచుబండ్ల మీద అడవిలో తిప్పేవారు. వేసవిలో పడవలు అద్దెకిచ్చేవారు. పిల్లలు కలగలేదు. చేతినిండా పని ఉండేది. ఆ పనిలో పడి, ఇంట్లో మాటలు తగ్గిపోయిన సంగతి ఇద్దరూ గమనించలేదు. పోయిన మార్చిలో, షెడ్డులో గడ్డకట్టిన మాంసాన్ని గొడ్డలితో కొడుతున్న డ్వేన్ ఉన్నట్టుండి ఆగి, “మార్లీ, కుక్కల గురించి కాకుండా మనిద్దరం చివరిసారి ఏం మాట్లాడుకున్నాం?” అని అడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. గుర్తు రాలేదు. “నాకూ గుర్తు రావట్లేదు,” అన్నాడతను. వేసవి వచ్చేసరికి అతను పడవల షెడ్డు మీది గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. విడాకులన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో వాళ్ళకే సరిగ్గా తెలియదు. వచ్చాక మాత్రం ఇద్దరిలో ఎవరూ కాదనలేదు.

ఫిలిస్ ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంది. ఇల్లు, నేల, పడవలు, బండ్లు, మంచుబండ్లు. తర్వాత కుక్కలు.

“వినడానికి బాగోదు గానీ, చట్టం లెక్కలో కుక్కలు కూడా సామానే. పనిచేసేవాటికి ధర కట్టచ్చు. మరి ముసలివో?”

“వాటినెవరూ కొనరు,” అంది మార్లిస్.

“రోజూ తింటాయి కదా?”

“తింటాయి. మందులు కూడా కావాలి. బ్యాంజోకి కీళ్ళ నొప్పులు, ఓటిస్‌కి కళ్ళు కనపడవు.”

“ఆదాయం లేదు, ఖర్చుంది. అంటే అప్పుల వైపు రాయాల్సొస్తుంది.”

“రాసుకోండి,” అంది మార్లిస్. ఆ ఉదయం ఆమెకు దేనిమీదా పట్టింపు లేదు.

డ్వేన్ కుర్చీ వెనక్కి జరిపాడు. “ఏం మాటలే అవి! బ్యాంజో అప్పేంటి? ఇన్నాళ్ళూ మనం తిన్న తిండి అది లాగి తెచ్చిందే కదా!”

“నేను కాదన్నానా? ఆవిడ అడిగింది, చెప్పాను.”

“సరే సరే,” అని ఫిలిస్ చెయ్యెత్తింది. “ముసలివాటిని మధ్యలో విడిగా రాస్తాను. ముందు అసలు అప్పులు తేల్చండి.”

నేల మీద అప్పు, కొత్త బండి మీద అప్పు, కుక్కల తిండి అమ్మే ఆర్వో అనే అతనికి పడిన బాకీ. ఫిలిస్ కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది. “అన్నీ వచ్చినట్టేనా? ఏదైనా దాచుంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత బయటపడితే నాకు ఒళ్ళు మండుతుంది.”

డ్వేన్ టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు.

“ఒకటుంది. నా పేరు మీద క్రెడిట్ కార్డు. పదకొండు వేల డాలర్లు దాటింది.”

మార్లిస్ అతని వైపు తిరిగింది. “దేనికి?”

“పిల్వికి.”

పిల్వి ఒకప్పుడు వాళ్ళ ముందు కుక్క. ఎంత పెద్ద జట్టు కట్టినా అందరికన్నా ముందు నిలబడి దారి చూపించేది. మంచు పలచగా ఉన్నచోట, ఎంత అదిలించినా అడుగు వేసేది కాదు. కొన్నేళ్ళ కిందట, ఫిబ్రవరిలో, ఒక సాయంత్రం తిండి తిన్నాక దాని కడుపు మెలిపడి డోలులా ఉబ్బిపోయింది. వెంటనే డులూత్‌లోని పెద్ద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి, లేకపోతే బతకదు. అప్పటికే ఆర్వోకి రెండు నెలల బాకీ. మార్లిస్ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, “వద్దు డ్వేన్. మన వల్ల కాదు. ఇంక బాధ పెట్టకుండా వదిలేద్దాం,” అంది. డ్వేన్ దాన్ని దుప్పట్లో చుట్టి బండెక్కించుకున్నాడు. ప్రాణం తీసే సూది వేయించడానికే అనుకుందామె. రెండు రోజుల తర్వాత, పొట్ట మీద బొచ్చు గొరిగేసి, కుట్లతో, తోక ఊపుతూ పిల్వి వచ్చింది. డాక్టరు తెలిసినవాడనీ, చవగ్గా చేశాడనీ చెప్పాడు డ్వేన్. ఆమె ఇంకేమీ అడగలేదు. అది మళ్ళీ మంచుబండి లాగలేదు. ఆ ఏడాది నుంచి ఇంట్లో, మార్లిస్ మంచం పక్కనే పడుకుంటోంది.

“అసలు సగానికి పైగా తీరిపోయేదే,” అన్నాడు డ్వేన్ ఫిలిస్‌తో. “చేతిలో ఆడక కనీసపు వాయిదాలే కడుతూ వచ్చాను. వడ్డీ పెరిగిపోయింది.”

“కాపురంలో ఉండగా చేసిన అప్పు ఎవరి పేరు మీదున్నా మామూలుగా ఇద్దరిదీ అవుతుంది,” అంది ఫిలిస్. “కానీ నీకు చెప్పకుండా చేశాడు కాబట్టి, నువ్వు ఒప్పుకోనక్కర్లేదమ్మా. ఏమంటావు?”

మార్లిస్ కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఫిలిస్ కాగితాలు సర్దింది. “ఇవాళ్టికి చాలు. నాకు తెలిసిన పద్ధతి ఒకటి చెప్తాను. ఒకళ్ళు మొత్తం రెండు వాటాలు వెయ్యండి, ఆస్తులూ అప్పులూ అన్నీ కలిపి. రెండోవాళ్ళు ముందు కోరుకుంటారు. వేసినవాళ్ళు, ఏది మిగిలినా తీసుకోవాల్సిందే. అప్పుడు వేసేవాళ్ళ చెయ్యి ఒకవైపుకి మొగ్గదు.”

నాణెం ఎగరేసింది. వాటాలు వేసే పని మార్లిస్‌కి వచ్చింది.

తిరుగు దారిలో హీటరు ఊసు కూడా రాలేదు. ఊరు దాటి పైన్ చెట్ల మధ్యకి వచ్చాక మార్లిస్ అంది:

“ఇన్నేళ్ళుగా అది నా మంచం పక్కన పడుకుంటోంది. దాన్ని చచ్చిపోనిమ్మన్నది నేనేనని నీకు రోజూ గుర్తొస్తూనే ఉండుంటుంది.”

“నాకలా గుర్తు లేదు.”

“మరెలా గుర్తుంది?”

“దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడిచావు. అలా గుర్తుంది.” అద్దం మీది మంచు తుడిచి అన్నాడు, “నువ్వు వద్దన్నది డబ్బుల్లేకే కదా. నిజంగా లేవు కూడా. నువ్వన్నది తప్పేం కాదు.”

“అయితే చెప్పచ్చుగా.”

“చెప్తే దాన్ని చూసినప్పుడల్లా నీకు ఆ అప్పు గుర్తొచ్చేది.”

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వాటాలు వెయ్యడం మార్లిస్ అనుకున్నంత తేలిక కాలేదు. మొదట అన్నిటినీ సగం సగం చేసింది. కుక్కల దగ్గరికి వచ్చేసరికి అది కుదరలేదు. పక్కన సిస్కో లేకపోతే జూనిపర్ ముందు నిలబడదు. సిస్కోని విడదీస్తే వెనక బరువు మోసే జత బెదిరిపోతుంది. జట్టును చీలిస్తే మిగిలేవి రెండు సగం జట్లు కావు, ఏ బండీ లాగని కుక్కలు. కాబట్టి జట్టంతా ఒకవైపు పెట్టింది. దానితోపాటు మంచుబండ్లు, కొత్త బండి, దాని అప్పు, ఆర్వో బాకీ, టూరిస్టుల వ్యాపారం. రెండోవైపు ఇల్లు, నేల, నేల మీద అప్పు, పడవలు, ఇరుసు విరిగిన బండి, పిల్వితో కలిపి ముసలి కుక్కలు అయిదు.

కార్డు అప్పు ఎటు వెయ్యాలో చాలా రోజులు తేలలేదు. డ్వేన్ దాచి చేసిన అప్పు కాబట్టి ఎటూ చేరకుండా అతనిదేనని రాసెయ్యచ్చు. జడ్జి గారే ఆ దారి చూపించింది. ఒక ఆదివారం పొద్దున అలాగే రాసింది కూడా. రాసి, కాఫీ కలుపుకుందామని లేవబోతే పిల్వి ఆమె పాదాల మీద గడ్డం ఆన్చి నిద్రపోతోంది. లేస్తే దానికి మెలకువ వస్తుందని అలాగే కూర్చుండిపోయింది. కాసేపటికి రాసింది కొట్టేసి, పిల్వి పేరు ఎక్కడుంటే ఆ అప్పు కూడా అక్కడే ఉండాలని రాసింది.

తర్వాత రెండు వాటాల్నీ మార్చి మార్చి చూసుకుంది. ఇది మిగిలితే ఎలా ఉంటుంది, అది మిగిలితే ఎలా ఉంటుంది అని. జట్టు లేకుండా ఆ ఇంట్లో ఉండటం ఊహించుకుంటే గుండె జారిపోయింది. ఆ ఇల్లు లేకుండా ఎక్కడో పరాయిచోట జట్టుతో ఉండటం ఊహించుకున్నా అంతే. రెండూ ఒకేలా బాధగా ఉన్నాయి కాబట్టి లెక్క సరిపోయిందనుకుంది.

డ్వేన్ ఫిలిస్ గదిలో కూర్చుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. “నాకు కుక్కల జట్టు,” అన్నాడు. కెనడా సరిహద్దు దగ్గర టూరిస్టు లాడ్జి వాళ్ళు జట్టుతో సహా పనిలోకి రమ్మన్నారట.

“చూడబ్బాయ్, ఇంటి వాటా విలువ కొంచెం ఎక్కువ. వదులుకుంటున్నానని తెలిసే వదులుకుంటున్నావా?” అని అడిగింది ఫిలిస్.

“తెలుసు.” అతను మార్లిస్ వైపు చూశాడు. “నీకోసం వదిలేశానని మాత్రం అనుకోకు. అంత మంచితనమేం లేదు. ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండాలంటే నాకు పిచ్చెక్కుతుంది.”

“మరి నాకెక్కదా?” అంది మార్లిస్.

డ్వేన్ కాగితాన్ని ఫిలిస్ వైపు జరిపాడు. వాటాలు వేసింది మార్లిసే, వేసినప్పుడు ఈ ఒంటరితనం మాట ఆమె ఎక్కడా రాయలేదు. ఏ వాటాలో రాయాలో తెలియకే రాయలేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

కార్డు డ్వేన్ పేరు మీదుంది కాబట్టి, ఆమె కట్టకపోతే కార్డు కంపెనీ వాళ్ళు అతని మీద పడతారని ఫిలిస్ చెప్పింది. అందుకని మార్లిస్ ఊళ్ళో సహకార బ్యాంకుకి వెళ్ళి తన పేరు మీద అప్పు తీసుకుని కార్డు బాకీ తీర్చేసింది. ఎందుకోసం అప్పు అని అక్కడి కుర్రవాడు అడిగాడు. కుక్క కోసం అంది. “ఎంత ఖరీదైన కుక్కండీ!” అని అతను నవ్వాడు. “పదకొండేళ్ళది. నడిస్తే ఆయాసం,” అంది మార్లిస్. అతను నవ్వు ఆపి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.

డిసెంబరు మొదట్లో, నేల కనపడకుండా మంచు పడ్డాక, డ్వేన్ జట్టుని తీసుకెళ్ళాడు. బండి మీద వరసగా చెక్క అరలుంటాయి, ఒక్కో అరలో ఒక్కో కుక్క. పట్టీలు చూడగానే కుక్కలకు వెర్రెక్కిపోయింది. పరుగుకి వెళ్తున్నామనుకున్నాయి. జూనిపర్ తన వంతు రాకముందే అరలోకి దూకింది. మార్లిస్ ఒక్కొక్కదాని చెవుల మధ్య గీరి, తలుపు వేసి గడియ పెట్టింది. ముసలివి అయిదూ తమనీ తీసుకెళ్తారని ఎదురుచూశాయి. బ్యాంజో వణుకుతున్న కాళ్ళతోనే తన గూడు పైకెక్కి గొంతు చించుకుని మొరిగింది. కళ్ళు లేని ఓటిస్ బండి చప్పుడు వచ్చేవైపు గొలుసు లాగుతూనే ఉంది.

“వీటిని షెడ్డులోకి తీసుకెళ్ళు మార్లీ,” అన్నాడు డ్వేన్.

“నువ్వు ముందు బయల్దేరు.”

అతను బండెక్కబోతూ ఆగాడు. వీడ్కోలు ఎలా చెప్పుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి అతను చేతి తొడుగు తీసి చెయ్యి చాపాడు. కొత్తవాళ్ళు కలుసుకున్నప్పటిలా చేతులు కలుపుకున్నారు.

ఆ చలికాలం మార్లిస్ వృద్ధాశ్రమం వంటగదిలో పనికి కుదిరింది. పగలు బాగానే గడిచేది. అక్కడి ముసలివాళ్ళు సూపులో ఉప్పు లేదని ఆమెను ఆటపట్టించేవారు, ఆమె కూడా వాళ్ళకు తగ్గట్టే జవాబిచ్చేది. ఇంటికి వచ్చి దొడ్లో నిలబడితే మాత్రం, ఖాళీ గూళ్ళ వరసలు కనిపించేవి. ప్రతి గూటి చుట్టూ కుక్క తిరిగి తిరిగి తొక్కిన గుండ్రటి బాట మీద కొత్త మంచు పడి సాపైపోతూ వచ్చింది. మొదటి వారాల్లో అలవాటు కొద్దీ జట్టంతటికీ సరిపడా తిండి వండేది. మిగిలింది అడవి అంచున పారబోస్తే కాకులు తిని పోయేవి.

పిల్వితో మాట్లాడటం అలవాటైంది. పొయ్యిలో కట్టె వెయ్యాలా, వద్దా. రేపు మంచు పడుతుందా. గ్యాస్ బిల్లు ఇంతెందుకొచ్చింది. అది తల ఎత్తి వినేది, మళ్ళీ పడుకునేది. చీకట్లో మెలకువ వచ్చినప్పుడు చెయ్యి కిందికి చాపితే దాని వెచ్చటి వీపు తగిలేది. అది ఊపిరి తీస్తోందని తెలిశాక మళ్ళీ నిద్రపట్టేది.

ఏప్రిల్ నెలాఖర్లో, ఒక పొద్దున, చెయ్యి చాపితే వీపు చల్లగా తగిలింది.

దాన్ని దుప్పట్లో చుట్టి షెడ్డులో పడుకోబెట్టింది. ఇంటి వెనక బిర్చి చెట్ల దగ్గర తవ్వబోతే నేల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది. పార దెబ్బకి మట్టి పొడి కూడా రాలలేదు. రెండు రోజులు ఆలోచించి డ్వేన్‌కి ఫోన్ చేసింది.

“పిల్వి పోయింది. గొయ్యి తియ్యలేకపోతున్నాను.”

“ఆదివారం వస్తాను. కట్టెలు పొడివి ఉంచు,” అన్నాడు.

వచ్చాడు. కొంచెం చిక్కాడు. నేల మీది మంచు గీకి, దాని మీద మంట పెట్టారు. కింద గడ్డకట్టిన నేల మెత్తబడాలంటే పూటంతా మండాలి. తిరగేసిన బకెట్ల మీద మంటకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. సెగకి మంచు కరిగి మట్టి బురదగా మారుతోంది.

“బ్యాంకు అప్పు ఇంకా ఎంతకాలం?” అని అడిగాడు డ్వేన్.

“చాలానే ఉంది. మూడేళ్ళ పైమాటే.”

“సగం నేను కడతాను.”

“ఒప్పందంలో అలా లేదు.”

“ఒప్పందం సంగతి వదిలెయ్యి. దాన్ని బతికించాలని అప్పు చేసింది నేను. పోయినదానికి నువ్వు కట్టుకుంటూ కూర్చోవడం ఏం న్యాయం?”

మార్లిస్ మంటలోకి ఒక కట్టె తోసింది. “దానితో ఉన్నది నేను కదా. ఈ చలికాలమంతా నేను కాకుండా ఆ ఇంట్లో ఊపిరి తీసింది అదొక్కటే. నువ్వు చేసిన అప్పే నన్ను ఈ చలికాలం దాటించింది డ్వేన్. నన్ను కట్టనీ.”

అతను కర్రతో నిప్పులు ఎగదోశాడు. “అక్కడ నా పరిస్థితీ అంతేలే,” అన్నాడు. “లాడ్జి నిండా మనుషులే. పన్నెండు మందిమి కలిసి తింటాం. అందరూ పాతికేళ్ళ పిల్లలు, ఫోన్లు చూసుకుంటూ తింటారు. నేను త్వరగా తినేసి కుక్కల దగ్గరికి పోతాను.”

“అవి నీతో ఉన్నాయి కదా.”

“ఉన్నాయి. అవి లేకపోతే ఏమైపోయేవాణ్ణో.”

తిరిగి వచ్చెయ్యమని ఆమె అనలేదు. వస్తానని అతను అనలేదు. ఆ మాట ఇద్దరి మనసుల్లోనూ ఒకసారి మెదిలే ఉంటుంది. కానీ మెదిలిన వెంటనే, పోయినేడాది బల్లకి చెరోవైపు కూర్చుని ఉలుకూ పలుకూ లేకుండా తిన్న భోజనాలు కూడా కళ్ళముందుకి వచ్చి ఉంటాయి.

మధ్యాహ్నం దాటాక నిప్పులు పక్కకు లాగి తవ్వారు. పైన మోచేతి లోతు మెత్తబడింది, ఆ కింద మళ్ళీ గడ్డే. డ్వేన్ గడ్డపారతో పొడుస్తుంటే మార్లిస్ పారతో ఎత్తిపోసింది. చాలినంత లోతయ్యాక పిల్విని దుప్పటితో సహా దింపారు. డ్వేన్ మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి మీద నుంచే దాని తల నిమిరాడు. మార్లిస్ మొదటి పార మట్టి వేసింది. వెచ్చగా, పొగ వాసనతో ఉంది మట్టి.

లోపలికి వచ్చి కాఫీ తాగమంది. చీకటి పడేలోపు కుక్కలకు తిండి పెట్టాలని, దారి పొడుగని అన్నాడతను. బ్యాంజో దగ్గరా, ఓటిస్ దగ్గరా కాసేపు కూర్చుని, తర్వాత బండెక్కాడు.

ఆమె నిప్పుల మీద మంచు కప్పి, లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడే రెండు ముద్దలు తింది. రేపు పొద్దున్నే పని. కోటు విప్పితే గదంతా పొగ వాసన వేసింది.

ఎనిమిది ప్రాంతంలో ఫోన్ మోగింది.

“చేరాను,” అన్నాడు డ్వేన్. “కుక్కలకు తిండి పెట్టేశాను.”

“సరే. దారిలో మంచుందా?”

“పెద్దగా లేదు.”

అతని వెనక, తిండి తిన్న కుక్కలు ఒకటొకటిగా గొంతు కలిపి ఊళ పెట్టడం మొదలుపెట్టాయి. జూనిపర్ సన్నటి గొంతు విడిగా తెలిసింది ఆమెకు. డ్వేన్ ఫోన్ పెట్టెయ్యలేదు. బయటికి చాపి పట్టుకున్నట్టున్నాడు, ఊళ దగ్గరగా వినిపించింది. మార్లిస్ ఫోను చెవికి నొక్కుకుని, వంటింటి గోడకి ఆనుకుని, ఆఖరి గొంతు ఆగేదాకా నిలబడింది.

“ఉంటాను మరి,” అన్నాడు డ్వేన్.

“ఊఁ,” అంది.